ల్యాప్‌టాప్ ఫ్యాన్ గరగరలాడుతుంటే

ఫ్యాన్ చప్పుడు చేస్తోందనగానే కొత్తది కొనేవారు కొందరు, స్క్రూలు విప్పేవారు కొందరు. ఆ రెండింటికన్నా ముందు చేయవలసింది చెవి ఒగ్గి వినడం. గాలి హోరు మాత్రమే పెరిగితే ఫ్యాన్‌లో లోపమేమీ లేదనీ, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి అది పూర్తి వేగంతో తిరగవలసి వస్తోందనీ అర్థం. అలా కాక గరగరమనో కీచుమనో వినిపిస్తూ, యంత్రాన్ని కాస్త పక్కకు వంచగానే ఆ శబ్దం మారితే బేరింగు అరిగిందని అనుమానించాలి. పాత యంత్రాల్లో హార్డ్ డిస్క్ కూడా ఇలాంటి చప్పుడే చేస్తుంది, కానీ పని భారంతో పాటు హెచ్చి తగ్గేది ఫ్యాన్ శబ్దమే.

తర్వాత ఉష్ణోగ్రత చూడాలి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూమానిటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్, లినక్స్‌లో సెన్సర్స్ కమాండ్ దీనికి చాలు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు పరిమితి 100 డిగ్రీల సెల్సియస్. వేడి అక్కడికి చేరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. వైరస్ పట్టిందని అనుకునే నత్తనడకకు అసలు కారణం కొన్నిసార్లు ఇదే.

విప్పేటప్పుడు ఛార్జర్ తీసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, అడుగు మూత తెరిచిన వెంటనే బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయాలి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు కనుక కాగితంపై యంత్రం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకోవడం మేలు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవుది బిగిస్తే పైభాగం ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది.

రెక్కల మీద కనిపించేది పలచని దుమ్ము పొర మాత్రమే. అసలు అడ్డంకి ఫ్యాన్‌కూ, ప్రాసెసర్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు భాగమైన హీట్‌సింక్ సన్నని పలకలకూ మధ్య దాక్కుని ఉంటుంది. దుప్పటి నూగు, వెంట్రుకలు, ధూళి కలిసి అక్కడ బూడిదరంగు కంబళి ముక్కలా అట్టకడతాయి. ఫ్యాన్‌ను పక్కకు తీసి, పట్టకారుతో పట్టుకుంటే ఆ అట్ట ఒక్క ముక్కగా ఊడివస్తుంది. మూత తీయకుండా బయటి నుంచి గాలి కొడితే అది కదిలి ఫ్యాన్ వైపుకే వెళుతుంది. గాలి కొట్టేటప్పుడు రెక్కలు గిరగిరా తిరగకుండా ఒక పుల్ల అడ్డుపెట్టాలి, లేకపోతే బేరింగు దెబ్బతింటుంది.

శుభ్రం చేశాక రెక్కలను వేలితో తిప్పి, పక్కలకు మెల్లగా కదిపి చూడాలి. తడబడినా, వదులుగా ఊగినా ఫ్యాన్ మార్చవలసిందే. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్నాళ్లు శబ్దం తగ్గవచ్చు గాని అరిగిన బేరింగు మళ్లీ బాగుపడదు. మన ఇళ్లలో చేతికందే కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలంలో అది పేరుకుంటుందని చెప్పనక్కరలేదు కదా.

కొత్త ఫ్యాన్‌ను ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కాక, పాత ఫ్యాన్ స్టిక్కర్‌పై ఉన్న పార్ట్ నంబర్ చూపించి కొనాలి. ఒకే మోడల్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికి ఒక ఫ్యాన్, లేనిదానికి మరొకటి ఉండవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ అయిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారు పాతదాన్ని వెంట తీసుకువెళ్లి, వోల్టేజీ, కనెక్టర్ పిన్నులు, స్క్రూ రంధ్రాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. కొత్త ఫ్యాన్ దొరికేలోగా పని ఆపలేనివారు విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గిస్తే సాధారణంగా టర్బో, అంటే ప్రాసెసర్ అవసరమైనప్పుడు అదనపు వేగం అందుకునే పద్ధతి, ఆగి వేడి తగ్గుతుంది. ఫ్యాన్ అసలే తిరగకపోతే మాత్రం యంత్రాన్ని వాడకూడదు.

కొన్ని మోడళ్లలో హీట్‌సింక్‌ను తీయకుండా ఫ్యాన్ రాదు. అప్పుడు ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పలచగా వేయాలి. హీట్‌సింక్‌పై 1, 2, 3, 4 అని అంకెలుంటే స్క్రూలను ఆ వరుసలోనే, ఒకేసారి బిగించేయకుండా కొద్దికొద్దిగా బిగించాలి.

బ్యాటరీ కనెక్టర్‌ను తిరిగి పెట్టి, మూత స్క్రూలన్నీ బిగించక ముందే ఒకసారి ఆన్ చేయాలి. ఫ్యాన్ ఎర్రర్ అని తెరపై కనిపిస్తే కనెక్టర్ సరిగా కూర్చోలేదేమో చూసుకోవాలి. ఎర్రర్ ఏదీ రాకపోతే కాసేపు వీడియో నడిపి, గాలి వచ్చే సందు దగ్గర అరచేయి పెట్టాలి: వెచ్చని గాలి ధారగా తగిలితే మిగిలిన స్క్రూలు బిగించవచ్చు.