మోకాలు దోక్కుపోయిందా? చర్మం మీదున్న బ్యాక్టీరియాని కాస్త బతకనివ్వండి

మా ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ముందు యాంటీసెప్టిక్ సీసా బయటికొచ్చేది, నీళ్లు కలపకుండానే దూదితో అద్దేసేవాళ్లు, భగ్గుమంటే "మండుతోందంటే పనిచేస్తున్నట్టే" అనేవాళ్లు, నేనూ చాన్నాళ్లు అదే నమ్మా. కానీ అంత ఘాటు మందుకి క్రిమి ఏదో మన కణం ఏదో తేడా తెలీదు, పుండు మాన్పాల్సిన కణాల్ని కూడా చంపేస్తుంది.

ఇంకోటి, మన చర్మం మీద ఎప్పుడూ కాపురముండే బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో స్టాఫైలోకాకస్ ఎపిడర్మిడిస్ లాంటివి ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు ముందే సీటు పట్టేస్తాయి, చీము పట్టించే స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే ఇంకో బ్యాక్టీరియాకి చోటు దొరకడం కష్టం, పైగా కొన్ని రకాలు దాన్ని చంపే పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) కూడా తయారుచేస్తాయి. 2009లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చూస్తే, ఈ ఎపిడర్మిడిస్ కణం గోడలో ఉండే ఒక పదార్థం దెబ్బ తర్వాత వచ్చే వాపు మరీ ఎక్కువ కాకుండా ఆపుతోందని తేలింది. అలాగని ఇవి మరీ అమాయకమైనవేం కాదు, సెలైన్ పెట్టే గొట్టం మీదకి చేరితే ఇవే ఇన్ఫెక్షన్ తెస్తాయి.

సరే, చేయాల్సింది. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు (అందరం అదే చేస్తాం). తర్వాత కుళాయి ధార కింద ఇసుక, మట్టి పోయేదాకా కడగండి, సబ్బు చుట్టూ చర్మానికే, పుండు లోపలికి కాదు. కుళాయి నీళ్ల మీద నమ్మకం లేకపోతే కాచి చల్లార్చినవి వాడండి. పల్చగా వాజెలిన్ రాసి బ్యాండేజ్ వేసేయండి, రోజూ మార్చండి. "గాలి తగలనీ, ఎండుతుంది" అంటారు గానీ 1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చూపించాడు, తడి ఆరకుండా కప్పి ఉంచిన పుండు మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా వచ్చిందని. పక్కు కడితే గోకొద్దు.

వంటింటి డబ్బాలో పసుపు, కాఫీ పొడి వద్దు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే, రెండు మూడు మందులు కలిపిన ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది మానడాన్ని ఇంకా లేటు చేస్తుంది. ప్రతి గీతకీ యాంటీబయాటిక్ క్రీమ్ కూడా అనవసరం, సీటు పట్టుకున్నవాళ్లనే దింపేసినట్టు.

కుక్క కరిస్తే మాత్రం రూలు వేరు, సబ్బూ ధారా నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. మట్టి పడిన దెబ్బకి టీటీ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. ఎరుపు పాకుతున్నా, చీము వాసనొచ్చినా, జ్వరమొచ్చినా ఇంట్లో కూర్చోకండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదం మీద పుండైతే నొప్పి లేదు కదా అని ఆగొద్దు, నరాలు మొద్దుబారితే నొప్పే తెలీదు, అదే రోజు చూపించాలి.