చరిత్ర ఉపన్యాస సభ ఎలా నిర్వహించాలి? ఫ్లెక్సీ అచ్చుకు ముందు తేదీ సరిచూసుకోవాలి

విశాఖపట్నంలో మధ్యయుగ చరిత్రపై సభ పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. హాలు దొరుకుతుంది, వక్త దొరుకుతారు, ఆదివారం సాయంత్రమైతే యాభై అరవై మంది శ్రోతలూ వస్తారు. అయినా చాలా సభలు చెడుతున్నాయి, అది కూడా ఒకే ఒక్క చోట. శాసనంలోని తేదీని ఎవరూ సరిచూడకుండానే ఫ్లెక్సీ అచ్చుకు పంపిస్తున్నారు.

ముందుగా విషయాన్ని ఎంచుకోవాలి. "కళింగ గాంగుల వైభవం" వంటి శీర్షిక పెట్టకూడదు (గాంగులు మధ్యయుగంలో కళింగను ఏలిన రాజవంశం). అంత పెద్ద విషయాన్ని నలభై అయిదు నిమిషాల్లో చెప్పబోతే రాజుల పేర్ల పట్టికే మిగులుతుంది. ఒక సభకు ఒకే శాసనం ఉండాలి. సింహాచలంలోనే 500కు పైగా శాసనాలున్నాయి. వాటిలో 1268 నాటి ఆలయ పునర్నిర్మాణానికి సంబంధించిన అక్కతాయి సేనాపతి శాసనం గాని, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వేయించిన శాసనం గాని తీసుకుంటే సాయంత్రమంతటికీ సరిపోతుంది. సింహాచలం శాసనాల పాఠాలు "సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్" అనే శాసనపాఠాల సంకలనం ఆరవ సంపుటంలోనూ, ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు అయిదవ సంపుటంలోనూ అచ్చయి ఉన్నాయి. వక్త ఆ పాఠాన్ని చూసి మాట్లాడాలే తప్ప విన్న కథను తిరిగి చెప్పకూడదు. కథలు చెడ్డవని నా ఉద్దేశం కాదు. విశాఖ తీరంలోని వైశాఖేశ్వరాలయాన్ని సముద్రం మింగిందన్న ఐతిహ్యం నాకూ ఇష్టమే. అయితే దానిని ఐతిహ్యమనే చెప్పాలి, "కులోత్తుంగచోళపట్టణం" అని విశాఖకు ఉన్న పాత పేరును శాసనాల్లోని పేరుగా చెప్పాలి. ఈ రెంటినీ ఒకే గొంతుతో చెప్పే వక్తను నేను రెండోసారి పిలవను.

హాలు గురించి చెప్పవలసింది తక్కువ. చిన్న సభకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, పెద్ద సభకు కళాభారతి సరిపోతాయి. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవం వస్తాయి కాబట్టి ఆ రోజులకు హాలు ముందుగానే మాట్లాడుకోవాలి. సింహాచలం చందనోత్సవం నాడు, గిరి ప్రదక్షిణ నాడు సభ పెట్టకూడదు. రావలసిన వారంతా కొండ మీదో కొండ చుట్టూనో ఉంటారు. అక్టోబరులో తుపాను భయం ఉంటుంది. మైకు, ప్రొజెక్టర్, కుర్చీల సంగతి హాలు వారే చూస్తారు.

ఇక తేదీ. ఇక్కడ తొందరపడకూడదు.

శాసనాల్లో తేదీ సాధారణంగా శక సంవత్సరంలో ఉంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. అందరూ తప్పు చేసేదీ అక్కడే. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి చైత్రం నుంచి డిసెంబరు చివరి వరకు 78, జనవరి నుంచి ఫాల్గుణం ముగిసేవరకు 79 కలపాలి. ఈ పాఠం నేను సిగ్గుపడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకంపై సభ పెట్టి, శక 999కి 78 కలిపి, ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద "1077" అని వేయించాను. ప్రశ్నల సమయంలో మూడో వరుసలోని ఒక పెద్దాయన లేచి, "బాబూ, కుంభంలో సూర్యుడు ఉన్నాడంటే ఏ నెల?" అని మాత్రం అడిగి కూర్చున్నారు.

ఆయన అడిగింది విశాఖపట్నం తామ్రశాసనాల్లోని శ్లోకం గురించి. అందులో సంవత్సరాన్ని నంద, రంధ్ర, గ్రహ అనే మాటలతో చెప్పారు. మూడింటికీ తొమ్మిదే సంఖ్య, కాబట్టి 999. సూర్యుడు కుంభరాశిలో, శుక్ల తదియ, రేవతీ నక్షత్రం, శనివారం. కుంభమాసం ఫిబ్రవరిలో పడుతుంది కాబట్టి 79 కలపాలి. అప్పుడు 1078 ఫిబ్రవరి 17 వస్తుంది, ఆ రోజు శనివారమే. వారం కలిసిందంటే లెక్క కుదిరినట్టు. కలవకపోతే శక సంవత్సరాన్ని గతాబ్దంగా (గడిచిన ఏడుగా) కాక వర్తమానాబ్దంగా (నడుస్తున్న ఏడుగా) చెప్పారేమో చూసి, ఒకటి తగ్గించి మళ్లీ లెక్క వేయాలి.

వారం సరిచూసేటప్పుడు మరో గుంట ఉంది. 1582కు ముందు తేదీలను చరిత్రకారులు జూలియన్ లెక్కలో, అంటే నేటి క్యాలెండరుకు ముందున్న యూరప్ పాత క్యాలెండరులో ఇస్తారు. కొన్ని కంప్యూటర్ సాధనాలు నేటి క్యాలెండరునే వెనక్కి సాగదీసి, 1078 ఫిబ్రవరి 17ను ఆదివారంగా చూపిస్తాయి. అది చూసి శాసనమే తప్పని వేదికపై ప్రకటించిన వారినీ చూశాను.

మాటలతో చెప్పిన సంఖ్యలను కుడి నుంచి ఎడమకు చదవాలి. "వసు, రామ, వేద, చంద్ర" అని ఉంటే 8, 3, 4, 1, అంటే 1438. రాయల సింహాచల శాసనం ఈ శక సంవత్సరానిదే. సంవత్సరం పేరు ధాత. అరవై సంవత్సరాల వరుసలో 1516లో మొదలైంది ధాతే కాబట్టి లెక్క సరిపోయింది.

గాంగుల, ఆ తరువాత గజపతుల శాసనాల్లో "అంకం" అని కనిపిస్తే అక్కడే ఆగాలి. అది నేరుగా రాజు పాలనా సంవత్సరం కాదు. ఆ లెక్కలో 1ని, 6తో ముగిసే సంఖ్యలను, 10ని మినహాయించి సున్నాతో ముగిసే సంఖ్యలను వదిలేస్తారు. 25వ అంకం అంటే 1, 6, 16, 20 పోగా 21వ ఏడు. ఈ లెక్కను కాగితం మీద వేసి వక్తకు చూపి, ఆయన ఒప్పుకున్న తరువాతే ఫ్లెక్సీని అచ్చుకు పంపాలి. అలాగే ఆలయంలో దొరికిన అతి పాత శాసనం తేదీని ఆలయం కట్టిన తేదీగా వేయకూడదు. సింహాచలంలో కులోత్తుంగచోళుని కాలం నాటి శాసనం ఉందంటే గుడి అప్పటికే ఉందని మాత్రమే అర్థం.

సభ రోజున జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ కలిపి పది నిమిషాలు దాటకూడదు. అధ్యక్షుడు రెండో ఉపన్యాసం ఇవ్వకూడదు. టీ సభకు ముందే ఇవ్వాలి, చివర ఇస్తే ప్రశ్నలకు ఎవరూ మిగలరు. శాసనపాఠాన్ని, తేదీ లెక్కను ఒకే కాగితం మీద అచ్చు వేయించి ప్రతి శ్రోతకూ ఇవ్వాలి.

మరుసటి ఆదివారం ఆ కాగితంతోనే శాసనం ఉన్న చోటికి తీసుకెళ్లాలి. దేవస్థానం అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. అక్షరాలు కనిపించడానికి సుద్ద, పసుపు, నూనె ఏవీ రాయనివ్వకూడదు. చిన్న టార్చిలైటును రాతికి ఎదురుగా కాక పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే, అరిగిపోయిన అక్షరాల గాడుల్లో నీడ పడి అవి వరుస వరుసగా పైకి తేలుతాయి.