పీఎఫ్ క్లెయిమ్‌ను ఆపేసిన ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’: నా అనుభవం

ఉద్యోగం పోయాక పీఎఫ్ తీసుకుందామని ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్‌లో ఆన్‌లైన్ క్లెయిమ్ తెరిస్తే అడ్వాన్స్ కోసం ఫారం 31 తప్ప ఇంకేమీ కనిపించలేదు. పీఎఫ్ మొత్తం తీసుకునే ఫారం 19, పెన్షన్ డబ్బు తీసుకునే ఫారం 10సి రెండూ లేవు. సర్వీస్ హిస్టరీలో ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, ఖాళీ. అంటే రికార్డు ప్రకారం నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను, జీతమే రాదు!

హెచ్‌ఆర్‌కు మెయిళ్లు, పాత మేనేజర్‌కు ఫోన్లు, నెట్ సెంటర్ కుర్రాడి ‘అయిపోద్ది సార్’ — ఏదీ పనిచేయలేదు.

ఆ తేదీని మనమే వేసుకోవచ్చు. ముందు పాస్‌బుక్ తెరిచి చివరి కాంట్రిబ్యూషన్ ఏ నెలదో చూసుకున్నాను. ఇదే అసలు కీలకం: ఎగ్జిట్ తేదీ ఆ నెలలోనిదే అయి ఉండాలి, ఆపైన రెండు నెలలు గడిచి ఉండాలి. లేకపోతే పోర్టల్ ఒప్పుకోదు. తర్వాత యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి నంబర్) లాగిన్ అయి, ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, పాత కంపెనీ పీఎఫ్ ఖాతా ఎంచుకున్నాను. రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని తేదీ, కారణం నింపి, ఆధార్‌కు లింకైన ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాను. ఒకసారి సబ్మిట్ చేస్తే అక్కడ మళ్లీ మార్చలేం, తేదీని రెండుసార్లు సరిచూసుకోండి. ఆ తర్వాత ఫారం 19, 10సి కనిపించాయి.

నాకు కేవైసీ అంతా సరిగ్గా ఉంది, కాంట్రిబ్యూషన్లూ పడ్డాయి కాబట్టి పనైంది. ఆధార్‌లో పేరు తేడా ఉన్నా, కంపెనీయే తప్పు తేదీ వేసినా ఇది సరిపోకపోవచ్చు. వాటికి జాయింట్ డిక్లరేషన్ (మనమూ కంపెనీ కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) పెట్టుకోవాలి.