మనోవ్యాధులు, జన్యువులు – 3వ పాఠం: ఎన్నిసార్లు వెతికారు?

ముందు పోయినసారి ప్రశ్నకు జవాబు: స్కిజోఫ్రీనియా రావడం అంతా జన్యువుల వల్లేనా? లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు పీడించడం లాంటి లక్షణాలున్న ఈ తీవ్రమైన మనోవ్యాధి సుమారు నూటికి ఒకరికి వస్తుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే, రెండోవారికి వచ్చే అవకాశం మూడో వంతు నుంచి సగం దాకా. జన్యువుల వాటా పెద్దదే, కానీ అంతా వాటి చేతిలో లేదు.

ఇవాళ్టి సంగతి: ఒక వ్యాధికి జన్యువు ‘దొరికింది’ అంటే ఎప్పుడు నమ్మాలి? ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. ఐదుసార్లు ఎగరేస్తే ఐదూ బొమ్మే పడే అవకాశం 32లో ఒక వంతు. ఇంట్లో కూర్చుని ఎగరేసిన మొదటిసారే అలా పడితే, బిళ్ల మీద అనుమానం రావాల్సిందే. అదే ఆదివారం సాయంత్రం మా విశాఖ ఆర్కే బీచ్‌లో, మురీ మిక్చర్ బళ్ల దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా 3,200 మంది చేత ఎగరేయిస్తే? సుమారు వందమందికి ఐదూ బొమ్మలే పడతాయి. వాళ్ల చేతిలో ఏదో మహత్తు ఉందంటే మిక్చర్ కలిపే కుర్రాడు కూడా నవ్వుతాడు.

జన్యువుల దగ్గర మాత్రం చాలాకాలం ఎవరూ నవ్వలేదు. సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు చేరవేసే రసాయనం. దాన్ని మోసే ప్రోటీన్‌ తాలూకు జన్యువులో ఒక రకం ఉన్నవారు కష్టాల్లో ఎక్కువగా డిప్రెషన్‌లోకి జారతారని 2003లో ఒక పరిశోధన వచ్చింది. నేను పీజీలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. 2019లో భారీ సమాచారంతో అలాంటి 18 పేరుమోసిన జన్యువులను సరిచూస్తే, ఏవో ఇతర జన్యువుల కంటే వాటికి డిప్రెషన్‌తో ఎక్కువ సంబంధమేం లేదని తేలింది.

ఇప్పటి పద్ధతి పేరు జీవాస్ (GWAS, జీనోమ్-వైడ్ అసోసియేషన్ స్టడీ). ఒక జన్యువును ముందే ఎంచుకోరు, డీఎన్‌ఏ మొత్తం జల్లెడ పడతారు. అంటే ఇంచుమించు 10 లక్షల పరీక్షలు. ఉత్త అదృష్టం కొద్దీ అలా పడే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువైతే నమ్మొచ్చనే మామూలు గీత పెడితే, అసలేమీ లేకపోయినా సుమారు 50,000 చోట్ల ‘దొరికింది’ అనిపిస్తుంది. అందుకే గీతను 10 కోట్లకు ఐదుకు దించారు. బిళ్ల లెక్కలో, వరసగా 24 సార్లు బొమ్మ పడటం లాంటిది.

ఇంత గట్టి జల్లెడలోనూ స్కిజోఫ్రీనియాకు 2014లో 108 చోట్లు నిలిచాయి. 2022లో 76,755 మంది రోగుల డీఎన్‌ఏ చూస్తే 287. వారిలో ఎక్కువమంది యూరప్ మూలాలవారే.

మొన్న ఎంవీపీ కాలనీ రైతుబజార్లో తెలిసినావిడ పక్కకు పిలిచి అడిగింది: “అబ్బాయికి సంబంధం చూస్తున్నామండీ. పిల్ల మేనమామ చినవాల్తేరులో మందులు వాడాడట. పిల్లకి జన్యు పరీక్ష చేయిస్తే తెలిసిపోతుందా?” (మా ఊళ్లో చినవాల్తేరు అంటే చాలు, మానసిక ఆసుపత్రి అనక్కర్లేదు.) తెలియదండీ అన్నాను. ఆ 287లో ఒక్కోటీ ముప్పును పెంచేది రవ్వంతే. అన్నీ కూడినా ఫలానా పిల్లకు వస్తుందనో రాదనో చెప్పలేం. ఆవిడకు జవాబు నచ్చలేదు, వంకాయల వైపు వెళ్లిపోయింది.

ఇంటిపని: ఒక బృందం 20 జన్యువులను పరీక్షించింది. గీత నూటికి ఐదు. ఒకటి దొరికిందని రాసి, తక్కిన 19 సంగతి ఎత్తలేదు. ఆ ఒక్కదాని గురించి మీరేమంటారు? రెండు వాక్యాల్లో రాసి ఉంచండి.