పెద్ద యానిమేషన్ స్టూడియోలో ఉద్యోగం కావాలంటే: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పిల్లలకు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బొమ్మలు బాగా వేసే తెలుగు పిల్లలకు కొదవ లేదు. కానీ స్టూడియోలకు వాళ్లు పంపే ఫైళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: నాలుగు పెన్సిల్ స్కెచ్‌లు, ఒక సినిమా హీరో ముఖం, ఒక 3డీ గది, చివర్లో గిర్రున తిరిగే లోగో. బొమ్మలు బాగున్నా అలాంటి ఫైలు పక్కకే పోతుంది. ఈ మనిషిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో చూసేవాళ్లకు అర్థం కాదు. స్టూడియోకి కావలసింది ఒక యానిమేటరు, లేదా ఒక స్టోరీబోర్డు ఆర్టిస్టు, లేదా ఒక లైటింగ్ ఆర్టిస్టు. అందుకే ముందు విభాగం తేల్చుకోండి, తర్వాతే రీల్ (మీ పనిని చూపించే చిన్న వీడియో) సంగతి.

రంగులు, వాతావరణం, పాత్రల రూపకల్పన ఇష్టమైతే విజువల్ డెవలప్‌మెంట్. కథను వరుస బొమ్మల్లో చెప్పడం వస్తే స్టోరీబోర్డు. దీనికి రెండు మూడు పూర్తి సన్నివేశాలు కావాలి, విడివిడి ఫ్రేములు చాలవు. కెమెరా ఇద్దరు పాత్రల మధ్య మనం ఊహించుకునే గీతను ఎక్కడ దాటిందో, ఎందుకు దాటిందో మీకు తెలిసుండాలి. మోడలింగ్ (3డీ ఆకారాలు చేయడం), రిగ్గింగ్ (పాత్రను కదిలించడానికి లోపల ఎముకల గూడు లాంటి రిగ్ కట్టడం), ఎఫెక్ట్స్ వేరే దారులు. ఎక్కువమంది అడిగేది క్యారెక్టర్ యానిమేషన్ గురించి కాబట్టి ఇక్కడ దాని గురించే వివరంగా చెబుతున్నాం.

ఖర్చు పెట్టకుండా మొదలుపెట్టొచ్చు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉచితం. బ్లెండర్ స్టూడియో వాళ్లు ఇచ్చే రెయిన్, స్నో అనే పాత్రలు రిగ్‌తో సహా దొరుకుతాయి. రీల్‌లో రిగ్ చేసినవాళ్ల పేరు వేయండి. పెద్ద స్టూడియోల్లో మాయా అనే సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువ. విద్యార్థులకు దాని ఎడ్యుకేషన్ లైసెన్సు ఉచితం. అయితే టైమింగ్, బరువు ఒకచోట పట్టుబడితే రెండో సాఫ్ట్‌వేర్‌కి మారడం కష్టం కాదు.

ఇక రెఫరెన్స్, అంటే చూసి యానిమేట్ చేయడానికి పనికొచ్చే అసలు కదలిక. ఈ విషయంలో మన ప్రాంతానికి ఉన్న సంపద పెద్ద నగరాల పిల్లలకు దొరకదు. గోపాలపురం ఒడ్డున నోలియా వాళ్లు వల లాగుతుంటే పక్కనుంచి అరగంట చూడండి. ముందు మడమ ఇసుకలో దిగబడుతుంది. తర్వాత నడుము వెనక్కి వాలుతుంది, తాడు బిగుస్తుంది, భుజాలు కదులుతాయి. చేతులు దాదాపు కొయ్యల్లా ఉంటాయి, అవి చేసేది పట్టుకోవడమే. కొత్తవాళ్ల యానిమేషన్‌లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది: చేతులు ముందు లాగుతాయి, నడుము బొమ్మలా నిలబడి ఉంటుంది. అందుకే వల దూదిలా తేలిపోతుంది. ఠాకురాణి యాత్రలో పులివేషగాళ్ల నడక, సంతలో మూట తలకెత్తుకునే మనిషి మెడ, ఇవన్నీ ఒక్కొక్క షాట్‌కి సరిపోయే సరుకు. తీసేముందు అనుమతి అడగండి. తర్వాత అదే పని మీరు చేస్తూ మరోసారి తీసుకోండి. బరువు ఎక్కడ పడుతుందో ఒంటికి తెలుస్తుంది.

ఫోన్‌ని కదలకుండా పెట్టి, ఎదుటినుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి తీయండి. ఇక్కడ చాలామంది పడే ఇబ్బంది ఒకటుంది. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) తరచూ నిలకడగా ఉండదు. దాన్ని నేరుగా బ్లెండర్‌లో తెచ్చి పెడితే శబ్దం, కదలిక నెమ్మదిగా ఒకదానికొకటి తప్పుతాయి. తప్పు తమ టైమింగ్‌లో ఉందనుకుని వారాల తరబడి కీ ఫ్రేములు (భంగిమను నిలిపే ఫ్రేములు) సర్దేవాళ్లున్నారు. ముందే వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు 24 ఫ్రేములు, కాన్‌స్టంట్ అని ఎంచి మార్చుకోండి. బ్లెండర్‌లో కూడా 24 పెట్టండి.

షాట్‌ని మూడు దశల్లో చేయండి. మొదట కాగితం మీద అయిదారు చిన్న భంగిమలు. తర్వాత బ్లాకింగ్: కీలక భంగిమలు మాత్రమే, కీ ఫ్రేముల మధ్య కదలిక లేకుండా, ఒక్కొక్కటీ గంతు వేసినట్టు. ఈ దశలో వ్యూపోర్టులో (బ్లెండర్‌లో పని చేసే తెర) ఫ్లాట్ లైటింగ్, ఒకే రంగు నలుపు పెట్టి చూడండి. నల్లటి నీడలోనే పాత్ర ఏం చేస్తోందో తెలియకపోతే మెరుగులు దిద్దినా తెలియదు. ఆ తర్వాతే కర్వులు, అంటే కదలిక వేగాన్ని చూపే వంపు గీతలు సర్దడం. పాదం నేల మీద జారడం, మోకాలు ఒక్క ఫ్రేములో టక్కున విరిగినట్టు కదలడం, రెండు చేతులూ ఒకే ఫ్రేములో ఆగడం, ఈ మూడూ ముందుగా పట్టుకోవాల్సినవి. కదలిక అంతటా ఒకే వేగంతో సాగితే శరీరానికి బరువున్నట్టు అనిపించదు.

రీల్ 45 నుంచి 75 సెకన్లు చాలు. ఒక్కొక్కటి 8 నుంచి 12 సెకన్లుండే అయిదారు షాట్లు: బరువు మోసేది ఒకటి, మాట లేని నటన ఒకటి, సంభాషణతో ఒకటి తప్పనిసరి. అన్నిటికన్నా మంచిది మొదట పెట్టండి. అనుమానం ఉన్న షాట్‌ని తీసేయండి, దాన్నిబట్టే మీ స్థాయిని లెక్కకడతారు. పేరు, ఫోను, మెయిలు, కోరుకునే పని ఉన్న కార్డు మూడు సెకన్లకు మించొద్దు. వెలుగు, రంగులతో తీర్చిదిద్దిన నున్నటి రెండర్లు అక్కర్లేదు, బూడిదరంగు వ్యూపోర్టు వీడియో సరిపోతుంది. జట్టుగా చేసిన షాట్‌లో మీరేం చేశారో కింద రాయండి. వేరేవాళ్ల పనిని తమదని చూపించినవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

లింకు విమియోలోనో యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గానో (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి, లాగిన్ లేని బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అనుమతి అడిగే డ్రైవ్ లింకు కోసం ఆగే తీరిక ఎవరికీ ఉండదు.

విజువల్ డెవలప్‌మెంట్ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. సవర గోడబొమ్మలు మన కళ్లముందే ఉన్నాయి కదా అని ఆ మనుషులనీ చెట్లనీ తీసి వెనక వాల్‌పేపర్‌లా అతికించకండి. అవి ఆ ఇళ్లలో పూజకు వేసుకునేవి. అడిగి, అర్థం తెలుసుకుని, ఆ ప్రపంచంలో జరిగే కథకు రంగులు, ఇళ్లు, వస్తువులు డిజైన్ చేస్తే పోర్ట్‌ఫోలియో గట్టిపడుతుంది.

చదువు కావాలంటే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ, ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగం ఐడీసీ, హైదరాబాద్‌లోని కళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నాయి. అన్నిటికీ ప్రవేశపరీక్షలుంటాయి. ఒడిశాలో చదివినవాళ్లు హైదరాబాద్‌లో లోకల్ కిందకి వస్తారో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. ప్రైవేటు సంస్థలైతే విద్యార్థుల రీల్స్ చూడనిదే ఫీజు కట్టొద్దు.

మొదటి ఉద్యోగం సాధారణంగా హైదరాబాద్, ముంబై, బెంగళూరు, చెన్నైలలో. సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే విదేశీ సంస్థల్లో ఐఎల్‌ఎం, ఫ్రేమ్‌స్టోర్‌లకు ముంబైలో స్టూడియోలున్నాయి, డీఎన్‌ఈజీకి దేశంలో పలుచోట్ల ఉన్నాయి. పిక్సార్, డిస్నీ లాంటివి కాలిఫోర్నియాలో. అక్కడికి ప్రతిభతోపాటు వీసా కూడా కావాలి కాబట్టి అది తర్వాతి మెట్టు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ కుప్పకూలినప్పుడు మన దేశంలోనూ వేలమంది పని పోయింది. జూనియర్ పోస్టుకి అనుభవజ్ఞులు కూడా పోటీ పడతారని లెక్కలో ఉంచుకోండి. రోటో (షాట్‌లో మనిషినో వస్తువునో గీత గీసి వేరుచేయడం), పెయింట్ (తీగల్లాంటి అక్కర్లేనివి చెరిపేయడం) పనులు కాస్త తేలిగ్గా దొరుకుతాయి. ఇంటి అవసరాన్నిబట్టి చేరడంలో తప్పు లేదు, కానీ ఆ పని వల్ల యానిమేషన్ రీల్ పెరగదు. రాత్రిపూట సొంత షాట్ సాగుతూనే ఉండాలి.

స్టూడియో మీకు టెస్టు ఇస్తే మొదలుపెట్టేముందే మూడు అడగండి: ఎన్ని ఫ్రేములు, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, ఎప్పటిలోగా. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినది వాళ్ల పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు. అడిగినదానికన్నా పొడుగ్గా చేయొద్దు. టెస్టు ఫైలుని బయట పెట్టొద్దు. ఇక గంజాం, గజపతి జిల్లాల్లో ఉండేవాళ్లు రోజూ ఒక కాపీ ఆన్‌లైన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. 2018లో తిత్లీ, 2013లో ఫైలిన్ తుపానులు వచ్చినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో ఇక్కడివాళ్లందరికీ తెలుసు.

ఉద్యోగానికి డిపాజిట్ కట్టమంటే, శిక్షణ రుసుం అంటే, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టమంటే వెనక్కి తిరగండి. బాండు కాగితం ఉంటే ఇంటికి తెచ్చి చదివించుకున్నాకే సంతకం. కాదన్న స్టూడియోకి మళ్లీ రాసేటప్పుడు కనీసం రెండు కొత్త షాట్లు ఉండాలి. మెయిల్ మొదటి వాక్యంలోనే అవి రీల్‌లో ఏ సెకను దగ్గర ఉన్నాయో చెప్పండి.