ఇంటి కంప్యూటర్ సెక్యూరిటీ, 3వ పాఠం: ఫైర్‌వాల్ సెట్టింగ్స్ దాచుకోవడం, మళ్లీ ఎక్కించుకోవడం

పోయిన పాఠంలో రెండు అకౌంట్లు పెట్టుకున్నాం కదా, అడ్మిన్‌ది ఒకటి, రోజూ వాడుకోడానికి స్టాండర్డ్‌ది ఒకటి. ఇవాళ అడ్మిన్ పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి, అవసరం పడుతుంది. ఒక పెన్‌డ్రైవ్ కూడా కావాలి, పాతదైనా పర్లేదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. విండోస్‌లో బ్యాకప్ ఆన్ చేశాను, వన్‌డ్రైవ్ ఉంది, అన్నీ సేఫ్ అనుకుంటారు చాలామంది. ఫొటోలూ డాక్యుమెంట్లూ సేఫే. కానీ ఫైర్‌వాల్ (నెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో చూసే కాపలాదారు) రూల్స్ అందులోకి వెళ్లవు, విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో మీరు ఇచ్చిన మినహాయింపులు వెళ్లవు. సెక్యూరిటీ సెట్టింగ్స్ అన్నీ ఒకే చోట ఉండవు, ఒక్కోటి ఒక్కో మూల ఉంటుంది, అందుకే ఒక్క బటన్ నొక్కితే అన్నీ బ్యాకప్ అయిపోవడం అనేది లేదు. ఇవాళ ఫైర్‌వాల్ వివరంగా, మిగతా రెండూ, అంటే డిఫెండర్ మినహాయింపులూ డిస్క్ రికవరీ కీ, కాస్త తొందరగా.

ఇంట్లో కంప్యూటర్‌కి ఫైర్‌వాల్ రూల్స్ ఎందుకు అంటారా? హాల్లో టీవీకి సినిమాలు పంపే మీడియా సర్వర్ ఉంటే దానికో రూల్, పిల్లలు ఫ్రెండ్స్‌తో ఆడుకోడానికి గేమ్ హోస్ట్ చేస్తే దానికో రూల్, పైన గదిలో లాప్‌టాప్ నుంచి కింద ప్రింటర్‌కి ప్రింట్ ఇస్తే దానికో రూల్, ఇలా మనకి తెలియకుండానే జమ అవుతుంటాయి. ఏదో ఒక రోజు ఎవరో వీడియో చూసి "డిఫాల్ట్‌కి మార్చేయండి, నెట్ స్పీడ్ పెరుగుద్ది" అంటే మార్చేస్తారు, స్పీడ్ పెరగదు, టీవీలో సినిమా మాత్రం ఆగిపోతుంది.

ఇంకో మాట, మీరు వేరే కంపెనీ యాంటీవైరస్ కొనుక్కుని అందులో దాని సొంత ఫైర్‌వాల్ నడుస్తుంటే ఈ పాఠం మీకు సగమే పనికొస్తుంది. అప్పుడు రూల్స్ ఉండేది ఆ సాఫ్ట్‌వేర్‌లో, దాని సెట్టింగ్స్‌లోనే ఎక్స్‌పోర్ట్ లాంటి ఆప్షన్ ఉందేమో వెతకండి, చాలావాటిలో ఉంటుంది.

సరే, పనిలోకి దిగుదాం. స్టార్ట్ నొక్కి ఫైర్‌వాల్ అని టైప్ చేస్తే రెండు మూడు పేర్లు వస్తాయి, వాటిలో పొడుగ్గా ఉన్నది, చివర 'అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ' అని ఉన్నది ఓపెన్ చేయండి. విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది ఉంటుంది, ప్రో అక్కర్లేదు. ఎడమ పక్కన ఇన్‌బౌండ్ రూల్స్, అవుట్‌బౌండ్ రూల్స్ అని కనిపిస్తాయి. బయటి నుంచి మన కంప్యూటర్‌లోకి వచ్చేవి ఇన్‌బౌండ్, ఇక్కడి నుంచి బయటికి పోయేవి అవుట్‌బౌండ్. మామూలుగా విండోస్ లోపలికొచ్చేదాన్ని రూల్ ఉంటేనే రానిస్తుంది, బయటికెళ్లేదాన్ని వద్దని రూల్ ఉంటే తప్ప పోనిస్తుంది.

ఇప్పుడు జాగ్రత్త, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మీరు ఇన్‌బౌండ్ రూల్స్ మీద క్లిక్ చేసి ఉంటే కుడి పక్కన 'ఎక్స్‌పోర్ట్ లిస్ట్' అని కనిపిస్తుంది. అది బ్యాకప్ కాదు. అది రూల్స్ పేర్లూ వివరాలూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిస్తుంది అంతే, చదువుకోడానికి బాగుంటుంది, కానీ దాన్ని తిరిగి లోపలికి ఎక్కించే దారి లేదు. మీకు కావాల్సింది ఎడమ పక్క అన్నిటికన్నా పైనున్న లైన్, దాని మీద రైట్ క్లిక్ చేస్తే 'ఇంపోర్ట్ పాలసీ', 'ఎక్స్‌పోర్ట్ పాలసీ', 'రిస్టోర్ డిఫాల్ట్ పాలసీ' అని వరసగా ఉంటాయి. ఇక్కడ పాలసీ అంటే ఫైర్‌వాల్ రూల్స్, సెట్టింగ్స్ మొత్తం. ఎక్స్‌పోర్ట్ పాలసీ నొక్కి, ఫైల్‌కి 'అసలు' అని పేరు పెట్టి, పక్కనే తేదీ కూడా వేసి, పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేయండి. సీ డ్రైవ్‌లో పెడితే ఏం లాభం, విండోస్ పోయి ఫార్మాట్ కొట్టాల్సొస్తే ఇదీ దాంతోపాటే పోద్ది.

ఇంతటితో ఆపేస్తారు చాలామంది. మనం ఆపొద్దు, ఇప్పుడే తిరిగి ఎక్కించి చూద్దాం, ఎందుకంటే ఇంపోర్ట్ ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడకపోతే అవసరం పడ్డ రోజు కంగారులో ఉన్నవి కూడా పోగొట్టుకుంటారు.

ఒక ఉత్తుత్తి రూల్ పెడదాం. అవుట్‌బౌండ్ రూల్స్ మీద రైట్ క్లిక్, న్యూ రూల్. మొదటి పేజీలో 'ప్రోగ్రామ్' ఎంచుకోండి. తర్వాత బ్రౌజ్ నొక్కి సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 అనే ఫోల్డర్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో ఎడ్జ్, అందులో అప్లికేషన్, అక్కడ ఎడ్జ్ బ్రౌజర్ ఫైల్ ఉంటుంది, దాన్ని సెలెక్ట్ చేయండి. తర్వాతి పేజీలో 'బ్లాక్' ముందే టిక్ అయ్యుంటుంది, అలాగే వదిలేయండి. రూల్ ఏ రకం నెట్‌వర్క్‌లో పనిచేయాలో అడిగే చోట డొమైన్ (ఆఫీసుది), ప్రైవేట్ (ఇంటిది), పబ్లిక్ (బయటిది) మూడూ టిక్‌లోనే ఉంచి పేరు 'పరీక్ష' అని పెట్టి ఫినిష్ కొట్టండి. ఇప్పుడు ఎడ్జ్ ఓసారి మూసి మళ్లీ తెరిచి ఏదైనా సైట్‌కి వెళ్లి చూడండి, నెట్ బ్లాక్ అయింది, ఫైర్‌వాల్ అడ్డుకుని ఉండొచ్చు అన్న అర్థంలో ఓ పేజీ వస్తుంది. క్రోమ్ ఉంటే అది మాత్రం మామూలుగానే నడుస్తుంది. రూల్ పనిచేస్తోందన్నమాట.

ఇప్పుడు ఉన్న పరిస్థితిని కూడా ఓసారి ఎక్స్‌పోర్ట్ చేసి 'పరీక్షతో' అని పేరు పెట్టండి. ఇది అలవాటు చేసుకోవాల్సిన పని, ఏ పాత ఫైల్ ఎక్కించే ముందైనా ఇప్పుడున్నది ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి. ఎందుకో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. పైన లైన్ మీద రైట్ క్లిక్ చేసి ఇంపోర్ట్ పాలసీ నొక్కండి, ఇప్పుడున్న పాలసీ మొత్తం పోతుంది, సరేనా అని అడుగుతుంది, సరే అని 'అసలు' ఫైల్ ఇవ్వండి. అయిపోయాక అవుట్‌బౌండ్ రూల్స్‌లో వెతకండి, 'పరీక్ష' లేదు. ఎడ్జ్‌లో సైట్లు వస్తాయి.

చూశారుగా, ఇంపోర్ట్ అంటే ఉన్నవాటికి పాతవి కలపడం కాదు, ఉన్నవన్నీ తుడిచేసి పాతవి పెట్టడం. ఆర్నెల్ల కిందటి ఫైల్ ఎక్కిస్తే ఈ ఆర్నెల్లలో పెట్టుకున్న రూల్స్ ఒక్కటీ మిగలదు. 'పరీక్షతో' ఫైల్ ఇంపోర్ట్ చేస్తే ఆ బ్లాక్ మళ్లీ వచ్చేస్తుంది, కావాలంటే అదీ చేసి చూడండి, చివర్లో మాత్రం 'అసలు'తోనే ముగించండి, లేకపోతే రేపు ఎడ్జ్‌లో నెట్ రావట్లేదని ఇంట్లోవాళ్లు మీమీద పడతారు.

కొత్త కంప్యూటర్‌లోకి ఈ ఫైల్ పట్టుకెళ్లొచ్చా అంటే, ఎక్కుతుంది కానీ నేనైతే వద్దంటాను. చాలా రూల్స్‌లో ప్రోగ్రామ్ ఎక్కడుందో పూర్తి అడ్రస్ రాసి ఉంటుంది, మీ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌తో సహా. కొత్తదాంట్లో ఆ పేరు మారితే రూల్ ఉంటుంది, పని చేయదు. ఈ ఫైల్ అదే కంప్యూటర్‌కి, అదే విండోస్‌కి అనుకోండి. కొత్త మెషీన్ అయితే ఇందాక తిట్టుకున్న ఎక్స్‌పోర్ట్ లిస్ట్ టెక్స్ట్ ఫైల్ పక్కన పెట్టుకుని కావాల్సిన నాలుగు రూల్సూ చేత్తో పెట్టుకోవడం మేలు, ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసిన గేముల చెత్త కూడా వదిలిపోతుంది.

ఇంకోటి, రౌటర్ మార్చాక ప్రింటర్ కనిపించట్లేదని వెంటనే ఇంపోర్ట్ కొట్టేస్తుంటారు. అది రూల్స్ గొడవ కాకపోవచ్చు. కొత్త వైఫై అంటే విండోస్‌కి కొత్త నెట్‌వర్క్, దాన్ని పబ్లిక్ అనుకుంటుంది, షేరింగ్ ఆపేస్తుంది. ఏ నెట్‌వర్క్ పబ్లిక్, ఏది ప్రైవేట్ అనేది ఈ ఫైల్‌లో ఉండదు కాబట్టి ఎన్నిసార్లు ఇంపోర్ట్ చేసినా ఫలితం ఉండదు. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి ప్రైవేట్ అని మార్చండి, సరిపోద్ది. హోటల్లోనో రైల్వే స్టేషన్లోనో అయితే పబ్లిక్‌లోనే ఉండనివ్వండి.

ఇక డిఫెండర్. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ కిందికంటా వెళ్తే 'ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది, అంటే స్కాన్ చేయకు అని మనం చెప్పినవి. దీనికి ఎక్స్‌పోర్ట్ బటన్ లేదు. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీసి అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, అంటే అనుమతి లేని యాప్స్‌ని ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయనివ్వనిది, ఆన్ చేసుకుని ఉంటే అక్కడ అనుమతిచ్చిన యాప్స్ లిస్ట్ కూడా స్క్రీన్‌షాట్ తీయండి. కానీ ఎక్స్‌క్లూజన్స్ ఉన్నవి ఉన్నట్టు తిరిగి పెట్టేయకండి. లైసెన్స్ కొనకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ యాక్టివేటర్లు వేసేటప్పుడు ఫలానా ఫోల్డర్ మినహాయించండి అని చెప్పి చేయిస్తారు, కొన్ని వైరస్‌లైతే తమకు తామే అందులో చేరిపోతాయి. ఒక్కో లైన్ చూసి ఇది నేనెందుకు పెట్టాను అని అడగండి, జవాబు దొరకనిది తీసేయండి. సీ డ్రైవ్ మొత్తం మినహాయింపులో ఉందా, ఇక డిఫెండర్ ఉన్నా లేనట్టే.

మూడోది రికవరీ కీ. కొత్త లాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటా కీ లేకుండా ఎవరూ చదవలేకుండా తాళం వేయడం) దానంతటదే ఆన్ అయిపోతుంటుంది, చాలామందికి ఆ సంగతే తెలీదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉంటే మీకు 48 అంకెల కీ ఒకటి ఉందని అర్థం, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ దెబ్బకి ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క, హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చిన ఫొటో గుర్తుండే ఉంటుంది. అవి ఆఫీసు మెషీన్లే అనుకోండి, కానీ అప్పుడు సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌లోకి) వెళ్లి బాగు చేయాలంటే చాలా చోట్ల అడిగింది ఈ కీనే. ఇంట్లో కూడా మదర్‌బోర్డ్ మార్చినా, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా అడగొచ్చు, కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఓపెన్ చేసి డివైసెస్‌లో రికవరీ కీస్ చూడండి. కీ పక్కన కీ ఐడీ అని ఉంటుంది, రెండూ కాగితం మీద రాసి భూమి పత్రాలు పెట్టే బీరువాలో పెట్టండి, ఇంట్లో రెండు లాప్‌టాప్‌లుంటే ఏ కీ దేనిదో ఐడీ చూసే తెలుస్తుంది. లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి, పోతే రెండూ కలిసే పోతాయి.

వచ్చే పాఠంలో పాస్‌వర్డ్ పాలసీ, లాకౌట్ పాలసీ (తప్పు పాస్‌వర్డ్ చాలాసార్లు కొడితే అకౌంట్ లాక్ అయ్యేది). హోమ్ ఎడిషన్‌లో దానికి విండో ఉండదు, నల్ల స్క్రీన్‌లో కమాండ్ టైప్ చేయాల్సొస్తుంది, ఈలోపు స్టార్ట్‌లో టెర్మినల్ అని కొట్టి అడ్మిన్‌గా తెరవడం ఒకటి రెండుసార్లు చేసి ఉంచండి. పెన్‌డ్రైవ్‌లో 'పరీక్షతో' ఫైల్ ఉంది చూశారా, దాన్ని ఇప్పుడే డిలీట్ చేసేయండి.