స్పాక్ అడిగిన సూప్, మా నాన్న కోసం

నాన్నకు కడుపులో పుండు ఉందని తేలాక డాక్టరు కారం పూర్తిగా మానమన్నారు. అనంతపురంలో పుట్టి పెరిగి, డెబ్బై ఏళ్లు సంగటిలో కారంగా ఉండే ఊరిబిండి పచ్చడి నంజుకు తిన్న మనిషికి అది చిన్న మాట కాదు. మొదటి రోజు నేను చేసిన చప్పిడి కూర చూసి కంచం పక్కకు నెట్టేశారు. అప్పుడు నాకు స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష టీవీ సీరియల్‌లోని స్పాక్ గుర్తొచ్చాడు. అతను వల్కన్ అనే వేరే గ్రహం వాడు.

స్టార్ ట్రెక్‌లో 1967లో వచ్చిన ‘అమోక్ టైమ్’ భాగంలో నర్సు చాపెల్ అతని కోసం ప్రేమగా ప్లోమీక్ సూప్ చేసి తెస్తుంది. ఎప్పుడూ నిబ్బరంగా ఉండే స్పాక్ ఆ గిన్నె విసిరికొడతాడు. కాస్త కుదుటపడ్డాక ఆ సూపే చేసి పెట్టమని తనే అడుగుతాడు. నాన్న చేత కూడా అలా అడిగించాలని పట్టుబట్టాను.

ప్లోమీక్ వల్కన్ గ్రహపు కూరగాయ, మనకు దొరకదు. ఘాటు మాత్రం ఉండకూడదు. తర్వాత వచ్చిన స్టార్ ట్రెక్ సీరియల్ వాయేజర్‌లో వంటవాడు నీలిక్స్ ఇదే సూప్‌లో మసాలా వేసి ఇస్తే, వల్కన్ వాడైన టువాక్‌కు నచ్చదు. మరి కారం లేకుండా రుచి ఎక్కడి నుంచి తేవాలి? మన వేరుశనగ నుంచి.

నలుగురికి పావు కిలో తియ్య గుమ్మడి, రెండు క్యారెట్లు, ఒక చిన్న ఉల్లిపాయ, గుప్పెడు వేరుశనగ విత్తనాలు, అర చెంచా జీలకర్ర, చెంచా నెయ్యి, ఉప్పు చాలు. టమాటా, చింతపండు వేయను. పులుపు కూడా నాన్నకు పడదు.

ముందు విత్తనాలు. ఈ ఒక్క పనిలో తొందర వద్దు. మందపాటి మూకుడులో నూనె లేకుండా సన్నని సెగ మీద వేయించండి. మొదట పచ్చి వాసన వస్తుంది, తర్వాత చిటపటలు మొదలవుతాయి. ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టు దానంతట అదే జారిపోవాలి, లోపలి పప్పు లేత బంగారు రంగులో ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే చేదే. చల్లారాక నలిపి, చేటలో చెరిగి, పొట్టంతా పోయాక నీళ్లు చల్లుతూ వెన్నలా రుబ్బండి. పలుకు తగిలితే సూప్ చెడినట్టే.

కూరగాయల ముక్కలు రెండు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో రెండు కూతలు రానివ్వండి. బాగా చల్లారాకే మిక్సీలో వేయండి, వేడిగా వేస్తే మూత ఎగిరి మీద పడుతుంది. ఉడికిన నీళ్లు పారబోయకండి, తీపంతా వాటిలోనే ఉంటుంది.

రెండూ కలిపి ఉప్పు వేసి, చిన్న మంట మీద పది నిమిషాలు గరిటెతో అడుగు నుంచి తిప్పుతూ ఉండండి. వేరుశనగ ముద్ద అడుగంటుతుంది, వదిలి వెళ్లవద్దు. అంచుల వెంబడి సన్నగా నూనె తేలితే దించేయాలి. చివర చెంచా నెయ్యిలో జీలకర్ర చిటపటలాడించి పైన వేయండి.

మొదటిసారి నాన్న సగం గిన్నె తాగి ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున వాకిట్లో పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే, “ఆ గుమ్మడికాయది మళ్లీ చెయ్యమ్మా” అన్నారు.

రాత్రికి మిగిలితే గట్టిపడుతుంది. వేడినీళ్లు పోసి పలుచన చేసి, మళ్లీ ఉప్పు చూసుకోండి.